హాంకాంగు నగరములో తెలుఁగు బడి



నేను 37 సంవత్సరములు పల్లెటూళ్ల ఉన్నత పాఠశాలలలో తెలుఁగు పండితుఁడనుగా పనిచేసి, 2017 వ సంవత్సరమున, అఱువదియేండ్లు నిండిన పిమ్మట, ఉద్యోగమును విరమించితిని. బాల్యమున మా యూరి శాస్త్రిగారియొద్ద శబ్దములు, అమరము, రఘువంశము వల్లించితిని. పిదప ప్రాచ్య కళాశాలలో చదివి భాషాప్రవీణ పట్టము పొందితిని. ఈ సంగతులు గొప్ప చెప్పుకొనుటకై చెప్పుట లేదు. నేఁడు నేను చెప్పఁబోవు వృత్తాంతములో పరాభవమంతయు ఈ పాండిత్యమునకే జరిగినది గనుక, దానిని ముందుగా మీకు పరిచయము చేయవలసి వచ్చినది.

మా పెద్దకుమారుఁడు హాంకాంగు నగరమున ఇంజనీరుగా నున్నాఁడు. ఏడేండ్లకు పైగా అచ్చట నివసించి స్థిరనివాసపు హక్కును పొందినవాఁడగుటచే, వృద్ధులైన తలిదండ్రులను తనయొద్దకు రప్పించుకొనుటకు అతనికి వీలు కలిగినది. నా భార్య అంతకు రెండేండ్ల ముందే కాలధర్మము నొందెను. "ఊళ్లో ఒంటరిగా ఎందుకు నాన్నగారూ, మా దగ్గరకు వచ్చేయండి" అని కుమారుఁడు మాటిమాటికి పిలువఁగా, ఆ సంవత్సరపు చలికాలమున బయలుదేఱి పోయితిని. 2019 వేసవి వఱకు అచ్చట నుంటిని. ఆ కాలములో నేను చేసిన పంతులుతనమును గూర్చియు, నాకు జరిగిన చదువును గూర్చియు నాలుగు మాటలు విన్నవించుకొందును.

హాంకాంగు చీనాదేశపు దక్షిణ తీరమున నున్న రేవుపట్టణము. 'సువాసన గల రేవు' అని ఆ పేరునకు అర్థము. 1842 వ సంవత్సరపు నాన్‌కింగు సంధివలన ఆ ద్వీపము ఆంగ్లేయుల వశమైనది. ఎదుటనున్న కౌలూను ద్వీపకల్పము 1860 లో వారికి చిక్కినది. దాని వెనుకనున్న భూములను 1898 లో 99 ఏండ్ల కౌలునకు పుచ్చుకొనిరి. ఆ గడువు తీరఁగా, 1997 జూలై 1 వ తేదీన నగరమంతయు మరల చీనాకు చెందినది. నేల సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు, అనఁగా మన పాత తాలూకాలు ఒకటి రెంటి పాటి. అందును చాల భాగము కొండలే. ఆ కొంచెపు నేలపై సుమారు 75 లక్షల జనము. కావుననే ఇండ్లు ప్రక్కలకు గాక పైకి పెరిగినవి. మావారు కాపురముండునది 22 వ అంతస్తు. ఇల్లంతయు కలిపి మన బడిలోని తఱగతి గది యొకదానికి మించదు.

ఆ నగరమునకును మన దేశమునకును పరిచయము క్రొత్తది కాదు. 1911 లో అచ్చట విశ్వవిద్యాలయము స్థాపించినప్పుడు భవనమునకు ధనమిచ్చిన హోర్ముస్జీ మోదీ యనునాయన బొంబాయినుండి పోయిన పార్సీ వర్తకుఁడు. నేఁడు బ్యాంకులలోను కంప్యూటరు సంస్థలలోను పనిచేయు తెలుఁగువారును కొందఱు గలరు. అయినను నగరపు భాష కాంటనీసు. 2021 నాటి జనాభా లెక్కలో నూటికి సుమారు 88 మంది తమ నిత్యవ్యవహార భాష అదియేనని వ్రాయించిరి. రైలుబండిలో కాంటనీసున, చీనాదేశమంతట చెల్లు ప్రభుత్వ భాషయందు, ఇంగ్లీషున వరుసగా మూఁడుమాఱులు స్టేషను పేరు చెప్పుదురు. కాని కూరగాయల అంగడిలోను, ఇంటి క్రింది కావలివాని యొద్దను కాంటనీసే శరణ్యము. క్రిందికి దిగినచో వేలకొలఁది జనులు. ఒక్కరితోనైనను మాటాడలేను. ఏండ్ల తరబడి మాటలే వృత్తిగా బ్రతికినవాఁడను నోరుండియు మూఁగవాఁడనైతిని.

ఇట్లుండఁగా చుట్టుపట్ల తెలుఁగు కుటుంబములవారు వచ్చి, "మాస్టరుగారూ, మా పిల్లలకు నాలుగు తెలుఁగు ముక్కలు నేర్పండి" అని కోరిరి. నా ప్రాణము లేచివచ్చినది. జీతము మాట తలపెట్టలేదు. ప్రతి శనివారము ఉదయము, భవనపు క్రింది అంతస్తున నున్న ఒక గదిలో, ఆఱేండ్లు మొదలు పండ్రెండేండ్ల వఱకు వయసుగల పదునొకండుగురు బాలబాలికలతో బడి పెట్టితిని. వారిలో మా మనుమఁడును ఒకఁడు. వానికి అప్పుడు తొమ్మిదేండ్లు.

నేను నేర్చిన రీతినే నేర్పసాగితిని. అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు, వల్లెవేయుట, వ్రాయుట. 'పళ్లు' అనుటకు 'పల్లు' అనిన బాలుని నిలువరించి పదిమాఱులు చెప్పించితిని. 'భాష' అనుటకు 'బాష' అనిన బాలికను ఒత్తు తెలిసిన పిల్లవానితో పోల్చి చూపితిని. ఒక్క తప్పునైనను విడిచిపెట్టలేదు. మూఁడవ నెల వచ్చునప్పటికి నలుగురు మానిరి. ఒకరికి ఈత పాఠమట, ఒకరికి పియానో పాఠమట. కాలమహిమ యనుకొని మా కోడలితో నిష్ఠురమాడితిని.

ఒకనాఁటి రాత్రి మా కోడలి తల్లి, కృష్ణాజిల్లాలోని తన గ్రామమునుండి టెలిఫోను చేసెను. ఆమెకు తెలుఁగు తప్ప వేఱొక భాష రాదు. "ఏం తిన్నావు నాన్నా?" అని మనుమని అడిగెను. బాలునికి ఆ మాట తెలిసినది. వాని ముఖమున ఆ సంగతి కనఁబడుచునే యున్నది. అయినను నోరు విప్పక టెలిఫోనును తల్లి చేతికిచ్చి తొలఁగిపోయెను. తరువాత నేను వానిని చేరఁదీసి, "అమ్మమ్మతో ఎందుకు మాట్లాడలేదు?" అని అడిగితిని. వాఁడు తలవంచుకొని, "మీరు పక్కనే ఉన్నారు కదా తాతయ్యా. తప్పు చెప్తానేమో అని" అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఆ యిల్లు చేరకముందు వాఁడు వచ్చీరాని మాటలతో అమ్మమ్మతో మాటాడెడివాఁడేయని కోడలు మెల్లగా చెప్పినది. తెలుఁగు నేర్పుటకై కూర్చున్న నేను వాని నోట నున్న తెలుఁగును మాన్పించితిని.

ఆ వారములోనే మఱియొకటి జరిగినది. కూరలు కొనుటకు నేనే సంతకు పోయితిని. ఆ సంతలో మన కాకర, ముల్లంగి, బూడిదగుమ్మడి అన్నియు దొరకును. మన చెఱువులలో పెరుగు తూటికూరను అచ్చట కట్టలు కట్టి అమ్ముదురు, ఇష్టముగా వండుకొందురు. తూకము 'గాన్' అను లెక్క. ఒక గాన్‌కు 16 'లియుంగ్'లు. మన లెక్కకు సుమారు 605 గ్రాములు. వీశెలు, పలములు పెద్దలనోట వినిన నాకు ఆ తూకము ఆత్మీయముగా తోఁచినది. కోడలు నేర్పిన మాటలను దారిపొడవున వల్లించుకొని పోయి, ముల్లంగి కొనవలెనని ఆ యంగడి ఆమెతో చెప్పితిని. ఆమె నా వట్టి సంచిని చూచి, నన్ను చూచి, పకపక నవ్వి, "సరకు ఏది?" అన్నట్లు చేయి త్రిప్పెను. ప్రక్క అంగళ్లవారును నవ్విరి.

ఆ భాషలో కొనుటకును అమ్ముటకును మాట యొక్కటే, 'మాయ్' అని. స్వరము క్రిందినుండి కొంచెము పైకి లేచినచో కొనుట, క్రిందనే సమముగా నిలిచినచో అమ్ముట. నేను ముల్లంగి అమ్మవచ్చితినని చెప్పితినన్నమాట. ఆమె నవ్వులో ద్వేషము లేదు. అయినను నా చెవులు వేఁడెక్కినవి. పదిదినములు నేను ఆ సంత దిక్కునకు పోలేదు. ఒక్క నవ్వునకు, అఱువదియేండ్లు దాఁటిన పండితుఁడు పదిదినములు ముఖము చాటువేసెను. తొమ్మిదేండ్ల పసివాఁడు ఏమి చేయఁగలఁడు?

మా భవనము ప్రక్కను చిన్న తోఁట కలదు. వేఁకువనే వృద్ధులు అచ్చట చేరి తైచీ యను నిదానమైన వ్యాయామము చేయుదురు. వారిలో డెబ్బదియేండ్లు దాఁటిన యొకాయన పూర్వము చీనా భాషా బోధకుఁడట. ఆయనకు వచ్చిన ఇంగ్లీషును నాకు వచ్చిన ఇంగ్లీషును బడిపంతుళ్ల ఇంగ్లీషే యగుటచే మాకు స్నేహము త్వరగా కుదిరినది. ఆయనను నేను 'సీన్‌సాంగ్' అని పిలిచెడివాఁడను. ఆ నగరమున ఉపాధ్యాయుని, గౌరవింపఁదగిన వేఱొకనిని గూడ అట్లే పిలుతురు. 'ముందు పుట్టినవాఁడు' అని దాని అక్షరార్థము. నా ముల్లంగి కథ విని ఆయన నవ్వలేదు. "మీకు ఆఱు స్వరములు నేర్పెదను" అనెను.

ఆయన 'సీ' అను ఒక్క అక్షరమును తీసికొనెను. అది పైస్థాయిలో సమముగా పలికినచో కవిత. పైకి లేచినచో చరిత్ర. మధ్యస్థాయిలో నిలిచినచో ప్రయత్నము. క్రిందికి దిగినచో కాలము. క్రిందినుండి కొంచెము లేచినచో సంత. క్రిందనే నిలిచినచో కార్యము. ఉదాత్త, అనుదాత్త, స్వరితములు మూఁటిని వేదమున వినియున్నాను. ఇంద్రుని చంపు కొడుకు కావలెనని హోమము చేసిన త్వష్ట, ఒక్క పదమున స్వరము తప్పి, ఇంద్రుని చేత చచ్చు కొడుకును పొందిన కథను తఱగతిలో ఎన్నియో మాఱులు చెప్పితిని. ఆ కథ నా పట్ల సంతలో నిజమగునని ఎన్నఁడును తలంపలేదు.

ప్రతిదినము అరగంటసేపు ఆయన పలుకును, నేను పలికెదను. నాకు మొదట రెండు మూఁడు స్వరములకు భేదమే వినఁబడలేదు. వినఁబడనిది పలుకుట యెట్లు? ఆయన ఒక్కమాఱైనను 'తప్పు' అనలేదు. నేను తప్పు పలికినప్పుడు తాను ఆ మాటను మరల సరిగా పలికి ఊరకుండును. నేను మరల పలుకుదును. ఆయన మరల పలుకును. మూఁడు వారములు గడచిన పిమ్మట ఒక ఉదయమున ఆఱును విడివిడిగా నా చెవికి వినఁబడినవి. ఆయన తల యూపి, జేబులోనుండి ఒక నారింజపండు తీసి నా చేతిలో పెట్టెను.

ఆ పండు చేతఁ బట్టుకొని ఇంటికి వచ్చుచుండఁగా నాకు ఒక బాలుఁడు జ్ఞప్తికి వచ్చెను. 1986 వ సంవత్సరమున నా యొద్ద ఆఱవ తఱగతి చదివినవాఁడు. కూలివారి బిడ్డ. 'చదువు' అనుటకు 'సదువు' అనెడివాఁడు. ఒకనాఁడు నేను వానిని బల్లపై నిలువఁబెట్టి, ఆ మాటను నూఱుమాఱులు చెప్పుమంటిని. వాఁడు చెప్పిన ప్రతిమాఱును 'స' యే వచ్చెను. తఱగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. మఱునాఁడు వాఁడు బడికి రాలేదు. ఆ తరువాతను రాలేదు. బఱ్ఱెలు కాయుచుండఁగా ఒకటి రెండుమాఱులు చూచితిని. వానికి చదువునందు శ్రద్ధ లేదని ఉపాధ్యాయుల గదిలో చెప్పినవాఁడను నేనే. వాని చెవికి 'చ'కారము ఎట్లు వినఁబడుచున్నదో ఒక్కనాఁడైనను విచారింపలేదు.

సీన్‌సాంగ్‌తో ఈ సంగతి చెప్పుకొంటిని. ఆయన తమ దేశపు వ్రాఁతను గూర్చి చెప్పసాగెను. వారి లిపి ధ్వనిని గాక అర్థమును పట్టుకొని పుట్టినది. చెట్టునకు ఒక గుఱుతు. ఆ గుఱుతు రెండుమాఱులు వ్రాసినచో తోఁపు, మూఁడుమాఱులు వ్రాసినచో అడవి. సూర్యుని చంద్రుని ప్రక్కప్రక్కన వ్రాసినచో ప్రకాశము. ఏ గీఁత ముందో ఏ గీఁత వెనుకో నియమము కలదు. ఇట్టి అక్షరములను అచ్చటి పిల్లలు ప్రాథమిక పాఠశాల దాఁటునప్పటికే సుమారు మూఁడువేలు నేర్వవలెను. మన యేఁబదియాఱు అక్షరములకే పిల్లలు అలసిపోవుచున్నారని వాపోవు నాకు అది విని సిగ్గు కలిగినది.

అంతకంటె ఆశ్చర్యమైనది వేఱొకటి. అచ్చటివారు పలుకునది యొకటి, వ్రాయునది మఱియొకటి. 'అగును' అను అర్థమున నోట 'హై' అందురు. పుస్తకమున దానికి వేఱు అక్షరము, దానిని 'సీ' అని చదువుదురు. 'అతఁడు' అనుటకు నోట ఒక మాట, పుస్తకమున ఒక మాట. పుస్తకపు భాష ఉత్తరదేశపు పలుకుబడిని అనుసరించినది. దానినే కాంటనీసు ఉచ్చారణతో బిగ్గఱగా చదువుదురు. గిడుగు రామమూర్తి పంతులుగారి కాలమున మనలో చెలరేఁగిన గ్రాంథిక వ్యావహారిక వివాదము నాకు తలఁపునకు వచ్చెను. నేను ఏ పక్షము వాఁడనో ఈ ప్రసంగము వినుచున్న మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. "మీ పిల్లలు ఇంటిమాటను బడిలో వ్రాసినచో ఏమి చేయుదురు?" అని అడిగితిని. "అది ఇంటిమాట, పుస్తకపు మాట ఇది అని ప్రక్కన వ్రాసి చూపెడివాఁడను. ఇంటిమాటను కొట్టివేయలేదు. దానిని కొట్టివేసినచో వాని తల్లిని కొట్టివేసినట్లు కాదా?" అని ఆయన బదులు చెప్పెను.

ఒక ఆదివారము ఆయన నన్ను తేనీటిశాలకు తీసికొనిపోయెను. ఉదయమున తేనీరు త్రాగుచు, ఆవిరిపై ఉడికిన చిన్న చిన్న తినుబండారములు తినుచు, గంటల తరబడి ముచ్చటించుకొనుట ఆ నగరపు ఆచారము. ఎదుటివారు మన గిన్నెలో తేనీరు పోసినప్పుడు రెండు వ్రేళ్లతో బల్లపై మెల్లగా తట్టుట కృతజ్ఞత తెలుపుట. నేను శాకాహారి నగుటచే కూరగాయలతో చేసినవే వెదకి తెప్పించెను. మాటలలో కవిత్వ ప్రసంగము వచ్చినది. 618 మొదలు 907 వఱకు ఏలిన తాంగు రాజుల కాలపు పద్య మొకటి ఆయన చదివెను. ఆ పద్యములలో అక్షరములకు సమస్వరములు, విషమస్వరములు అని రెండు తెగలు. మన గురులఘువులవలె అవి నియమిత స్థానములలో రావలెను. క్, త్, ప్ అను హల్లులతో ముగియు పదములు నేఁటి చీనా ప్రభుత్వ భాషలో ఆ తుదిహల్లులను పోఁగొట్టుకొన్నవి. కాంటనీసులో అవి నిలిచియున్నవి. కావున ఆ పాత పద్యముల ప్రాసలు కాంటనీసున చదివినప్పుడు అనేకచోట్ల చక్కఁగా పొసఁగునట. నేనును ఒక మత్తేభ పద్యమును రాగయుక్తముగా చదివితిని. ఆయన వ్రేళ్లతో గణములు లెక్కించుచు కన్నులు మూసికొని వినెను. "మీ మనుమనికి ఇది వచ్చునా?" అని పిదప అడిగెను. నాయొద్ద సమాధానము లేదు.

అప్పుడే ఆయన ఇత్సింగు మాట యెత్తెను. కాంటనీసు అను పేరునకు మూలమైన కాంటను నగరము, నేఁటి గ్వాంగ్‌జౌ, హాంకాంగునకు చేరువనే యున్నది. 671 వ సంవత్సరమున ఆ రేవునుండియే ఇత్సింగు అను బౌద్ధభిక్షువు పారసీకుల ఓడనెక్కి మన దేశమునకు బయలుదేఱెను. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు దాఁటినవి. తిన్నగా మన దేశమునకు రాలేదు. నడుమ సుమాత్రాద్వీపమున శ్రీవిజయ మను చోట ఆఱునెలలు దిగి, సంస్కృత వ్యాకరణము నేర్చుకొని, ఆ మీఁదటనే వచ్చి నాలందలో చదివెను. మన బాలురు ఆఱవయేట అక్షరమాలతో చదువు ఆరంభింతురనియు, ఎనిమిదవయేట పాణిని సూత్రములు వల్లింతురనియు, నాగార్జునాచార్యుఁడు శాతవాహన రాజునకు వ్రాసిన సుహృల్లేఖను కంఠస్థము చేయుదురనియు తన గ్రంథమున వ్రాసియుంచెను. మన కృష్ణాతీరపు నాగార్జునకొండ ఆ యాచార్యుని పేరు మోయుచున్నది. తన దేశమున పండితుఁడైన వాఁడు పరదేశమునకు పోవుచు, నడిదారిలో పసివానివలె అక్షరములు దిద్దెను. నేనో, తిన్నగా విమానము దిగి బడి పెట్టితిని.

మఱుసటి శనివారము నేను గదిలోనికి పోయి, పిల్లలతో, "నేను మీ ఊరి మాట నేర్చుకొనుచున్నాను, తప్పులు చెప్పండి" అని ఆఱు 'సీ'లను పలికితిని. అచ్చటి బడులలో చదువు పిల్లలగుటచే వారికి కాంటనీసు కొంత వచ్చును. నాలుగవ స్వరము తప్పిపోఁగా ఒక బాలిక ఫక్కున నవ్వి వెంటనే నోరు మూసికొనెను. "చెప్పమ్మా, ఎట్లా పలకాలో" అంటిని. ఆమె పలికెను. నేను పలికితిని. మా పంతులుగారు కూడ తప్పు చేయుదురని తెలిసి ఆ గది యంతయు వెలుఁగు నిండినట్లైనది. ఆనాఁటినుండి అరగంట వారు నాకు పంతుళ్లు, ఒక గంట నేను వారికి పంతులును.

అక్షరములను కొన్ని నెలలు ప్రక్కన పెట్టితిని. ముందు మాటలు పట్టితిని. చుట్టరికములతో ఆరంభించితిని. కాంటనీసులో తండ్రి అన్నకు ఒక పేరు, తమ్మునికి ఒక పేరు, మేనత్తకు ఒకటి, మేనమామకు ఒకటి. అమ్మమ్మను 'పోపో' అందురు, నాయనమ్మను 'మామా' అందురు. ఇంగ్లీషున అందఱును అంకులులు, ఆంటీలు. కావున 'పెదనాన్న, చిన్నాన్న' అను భేదము మా పిల్లలకు తెలుఁగువలన గాక కాంటనీసువలన సులభముగా తెలిసినది. ఆ నగరమున ఎదురుపడినవారిని 'అన్నము తింటిరా' అని కుశలమడుగుట పాత మర్యాద. మనదియు అదియే. ఈ రెంటిని కలిపి నేర్పితిని. తప్పు వచ్చినప్పుడు నేను ఆ మాటను మరల సరిగా పలికి ఊరకుండుట అభ్యసించితిని. అది నాకు ఆఱు స్వరములకంటె కష్టమైనది.

మానిన నలుగురిలో ఇద్దఱు తిరిగి వచ్చిరి. ఇద్దఱు రాలేదు. మనకు గురుపూజ సెప్టెంబరు 5, అచ్చట సెప్టెంబరు 10. ఆ 2018 వ సంవత్సరమున పిల్లలు రెండు దినములును పాటించి నాకు రెండుమాఱులు పూలు తెచ్చిరి. 2019 ఉగాదినాఁటికి తొమ్మిదిమందిలో ఆఱుగురు చిన్న చిన్న వాక్యములు చదువఁగలిగిరి. ముగ్గురికి చదువు రాలేదు, మాట వచ్చినది. గొప్ప ఫలమని చెప్పను. ఇట్టి బడికి పరీక్ష లేదు గనుక నేను పెట్టుకొన్న పరీక్ష యొక్కటే: ఇంటి పెద్దలతో మాటాడుచున్నారా, లేదా?

మా మనుమఁడు ఆ యుగాదికి అమ్మమ్మకు జాబు వ్రాసెను. ఎనిమిది పంక్తులు. లెక్కింపకుండ ఉండలేకపోయితిని, పదునాలుగు తప్పులు. నా యెఱ్ఱకలము జేబులోనే యుండెను. జాబు అందినపిమ్మట ఆమె టెలిఫోను చేసెను. వాఁడు ఈమాఱు నన్ను చూడనైన చూడక, "అమ్మమ్మా, నువ్వు అన్నం తిన్నదా?" అని అడిగెను. ఆమె క్షణమైనను తడుముకొనక, "తిన్నది నాన్నా, తిన్నది, నువ్వు తిన్నావా?" అనెను. పదినిముషములు మాటాడుకొనిరి. ఆమె బడికి పోయినది మూఁడేండ్లే. కాని ఆ ఒక్క మాటలో ఆమె చూపిన బోధనాపద్ధతి నాకు 37 ఏండ్లలో తెలియలేదు.

పిల్లల భాషను గూర్చి తలిదండ్రులకు కలుగు దిగులు ఆ నగరమునకును ఉన్నది. 1998 లో అచ్చటి ప్రభుత్వము ఉన్నత పాఠశాలలలో అధికభాగము చీనాభాషలోనే బోధింపవలెనని శాసించి, 114 పాఠశాలలకు మాత్రము ఇంగ్లీషు బోధనకు అనుమతి నిచ్చెను. తమ బిడ్డలు ఆ 114 లో చేరనిచో వెనుకఁబడుదురని తలిదండ్రులు కలవరపడిరి. 2010 నుండి ఆ నియమమును సడలించిరి. ఈ వాదము మనకును తెలిసినదే. ఏ మాధ్యమము మేలో నేను ఇప్పుడు తీర్పు చెప్పఁబోను. కాని అచ్చటి పిల్లవాఁడు ఏ బడిలో చదివినను ఇంటికి వచ్చి తాతతో కాంటనీసు మాటాడుట నేను కన్నులార చూచితిని. ఆ తాత వాని మాటను ఆపఁగా నేను చూడలేదు.

స్వగ్రామమునకు తిరిగివచ్చిన నెలలోనే, నేను 1986 నాఁటి ఆ బాలుని వెదకికొని పోయితిని. ఇప్పుడు వానికి నడివయసు. ట్రాక్టరు నడుపుకొని జీవించుచున్నాఁడు. నన్ను చూచి లేచి నిలువఁబడి కుర్చీ వేసెను. నేను వచ్చిన పని చెప్పితిని. ఆనాఁడు నేను నవ్వుట తప్పని చెప్పితిని. అతఁడు చాలసేపు నేలచూపు చూచి, "ఎప్పటి మాటో లెండి పంతులుగారూ" అనెను. మఱచితినని మాత్రము అనలేదు. తరువాత లోపలికి కేకవేసి, తన కూఁతురిని పిలిచి, "పంతులుగారికి నీ సదువు సూపించమ్మా" అనెను. ఆ బాలిక పుస్తకము తెచ్చి చదివెను. నేను వింటిని. ఇప్పుడు వారానికి రెండుమాఱులు ఆ పిల్ల మా యింటికి వచ్చి చదువుకొనుచున్నది.

పెద్దలారా, సంక్రాంతికో వేసవికో మీ మనుమలు పట్టణములనుండియు పరదేశములనుండియు మీ యిండ్లకు వత్తురు. వచ్చీరాని తెలుఁగుతో మిమ్ము పలుకరింతురు. ఆ మాట వినఁగానే నవ్వు వచ్చుట సహజమే. ఆ క్షణమున నవ్వకుఁడు, దిద్దకుఁడు. వారు అడిగినదానికి బదులు చెప్పుఁడు. మాట సాగనిండు. ఆ పిల్లలకు మీరు తప్ప వేఱు తెలుఁగు బడి లేదు.